ఒక్క బల్బు పోతే లైన్ మొత్తం ఆరిపోతుందా?

"బైబిల్లో ఒక్క తప్పు చూపిస్తే చాలు, మీ నమ్మకం మొత్తం పోయినట్టే కదా?" హాస్టల్లో ఈ మాట రెండు రకాల గొంతుల్లో విన్నాను. కొందరు సరదాకి, గెలవడానికి అడుగుతారు. కొందరు మాత్రం రాత్రి పన్నెండింటికి ఫోన్‌లో ఏదో వీడియో చూసి నిద్ర పట్టక అడుగుతారు. నేను క్రైస్తవ కుటుంబంలో పెరిగినవాణ్ణి కాబట్టి ఈ రెండో రకం వాళ్ళు నా దగ్గరికే వస్తుంటారు. ఎవర్నీ మార్చడానికి ఈ వ్యాసం రాయడం లేదు. ఏ మతం వాళ్ళయినా, ఏ మతమూ లేనివాళ్ళయినా, ఒక పెద్ద ప్రశ్నని ముక్కలు చేసి చూడటం మనకి అలవాటే కదా, ఆ పనే చేద్దాం.

నిజానికి ఇందులో మూడు ప్రశ్నలు కలిసిపోయి ఉన్నాయి. ఒకటి, రచయితలు రాసింది రాసినట్టుగా మన చేతికి వచ్చిందా? రెండు, వాళ్ళు రాసింది నిజమేనా? మూడు, పై రెంటికీ నూటికి నూరు మార్కులు వస్తేనే మనిషికి రక్షణ దొరుకుతుందా? మొదటిది రాతప్రతుల సంగతి, రెండోది చరిత్ర సంగతి, మూడోది పూర్తిగా విశ్వాసానికి సంబంధించింది. మొదటి దానికి వచ్చిన జవాబుని మూడో దాని పక్కన రాసేస్తే తిప్పలు మొదలవుతాయి.

మొదటి ప్రశ్నకి బాగా తెలిసిన ఉదాహరణ మార్కు సువార్త చివరి అధ్యాయం. 16వ అధ్యాయంలో 9 నుంచి 20 దాకా ఉన్న పన్నెండు వచనాలు, 4వ శతాబ్దానికి చెందిన రెండు ముఖ్యమైన గ్రీకు ప్రతుల్లో లేవు. వాటి పేర్లు సినైటికస్, వాటికానస్. రెండూ 8వ వచనం దగ్గరే ఆగిపోతాయి. అందుకే ఇప్పటి అనువాదాలు చాలావరకు ఈ భాగాన్ని బ్రాకెట్లలో పెడతాయి, లేదా కింద ఒక గమనిక ఇస్తాయి. అంటే ఇదేమీ ఎవరో బయటపెట్టిన రహస్యం కాదు, బైబిల్ పేజీలోనే అచ్చయిన విషయం.

అసలు చిక్కు ఏంటంటే, ఈ పన్నెండు వచనాల్లో రక్షణ గురించిన మాటే ఉంది: నమ్మి బాప్తిస్మం పొందినవాడు రక్షించబడతాడని. ఆ వెంటనే, నమ్మినవాళ్ళు పాముల్ని పట్టుకుంటారని, విషం తాగినా వాళ్ళకి ఏమీ కాదని కూడా ఉంది. అమెరికాలోని అపలాచియన్ కొండ ప్రాంతాల్లో కొన్ని చిన్న సంఘాలు ఈ మాటని అక్షరాలా తీసుకున్నాయి. ఆరాధనలో విషసర్పాల్ని చేతుల్లోకి తీసుకునే ఆచారాన్ని 20వ శతాబ్దం మొదట్లో ప్రచారం చేసినవాళ్ళలో జార్జ్ హెన్స్లీ ముఖ్యుడు. 1955లో ఫ్లోరిడాలో అలాంటి ఆరాధనలోనే పాము కాటుకి గురై చనిపోయాడు. కాబట్టి "రాతప్రతుల గొడవ మనకెందుకు, నమ్మితే చాలు" అనేవాళ్ళకి నా జవాబు ఇది: ఏ వచనం మీద ఎంత బరువు పెట్టొచ్చో తెలుసుకోవడం ఒక్కోసారి ప్రాణాలతో ముడిపడిన విషయం.

మరి ఆ పన్నెండు వచనాలు పక్కన పెడితే రక్షణ బోధ పోతుందా? పోదు. అదే బోధ యోహాను 3వ అధ్యాయంలో ఉంది, అపొస్తలుల కార్యములు 16లో ఉంది, రోమీయులకు 10లో ఉంది, ఎఫెసీయులకు 2లో ఉంది. ఫస్టియర్ ఎలక్ట్రికల్ ల్యాబ్ గుర్తు తెచ్చుకోండి. సిరీస్‌లో కలిపిన బల్బుల్లో ఒకటి మాడితే అన్నీ ఆరిపోతాయి. పారలల్‌లో అయితే ఆ ఒక్కటే ఆరుతుంది. బైబిల్లోని ముఖ్యమైన బోధలు పారలల్‌లో ఉన్నాయి. పాముల్ని చేత్తో పట్టుకుంటారన్న మాట మాత్రం, అలా వాగ్దానం రూపంలో, ఆ ఒక్క చోటే కనబడుతుంది. తేడా అక్కడే ఉంది.

ఇంకో ఉదాహరణ, 1 యోహాను 5:7. తండ్రి, వాక్యం, పరిశుద్ధాత్మ ముగ్గురూ ఒక్కటేనని చెప్పే వాక్యం పాత గ్రీకు ప్రతుల్లో లేదు. ఎరాస్మస్ 1516లో గ్రీకు కొత్త నిబంధన అచ్చు వేసినప్పుడు దాన్ని చేర్చలేదు. విమర్శలు వచ్చాక 1522 నాటి మూడో కూర్పులో చేర్చాడు. అక్కడినుంచి అది 1611 నాటి కింగ్ జేమ్స్ బైబిల్లోకి వచ్చింది. అయితే త్రిత్వ సిద్ధాంతం 325లో నైసియాలో, 381లో కాన్‌స్టాంటినోపుల్‌లో జరిగిన సభల నాటికే రూపం తీసుకుంది. ఆ వాక్యం ఆధారం లేకుండానే తీసుకుంది.

ఇక రెండో ప్రశ్న. మార్కు 2:26లో దావీదు రొట్టెలు తిన్నది అబ్యాతారు ప్రధాన యాజకుడుగా ఉన్నప్పుడు అని ఉంటుంది. 1 సమూయేలు 21 తెరిస్తే అక్కడ యాజకుడు అహీమెలెకు. బార్ట్ ఎర్మన్ అనే పండితుడు విద్యార్థిగా ఉన్నప్పుడు దీన్ని సమర్థిస్తూ పెద్ద వ్యాసం రాస్తే, బహుశా మార్కు పొరబడి ఉండొచ్చేమో అని ప్రొఫెసర్ ఒక్క ముక్క రాశారట. అది తన ఆలోచననే మార్చేసిందని ఎర్మన్ 2005లో వచ్చిన తన పుస్తకంలో చెప్పాడు. అప్పటిదాకా ఆయన నమ్మకం సిరీస్‌లో ఉందన్నమాట. కానీ చాలామంది చెప్పని సంగతి ఒకటుంది. ఆయన విశ్వాసం వదిలేసింది ఈ తప్పుల వల్ల కాదు. లోకంలోని బాధకి జవాబు దొరకక వదిలేశానని ఆయనే చెప్పుకున్నాడు.

మూడో ప్రశ్నకి సంఘాలు ఏమంటాయి? బైబిల్లో ఏ తప్పూ లేదని గట్టిగా పట్టుబట్టేవాళ్ళు 1978లో షికాగోలో ఒక ప్రకటన చేశారు. దాని 19వ అంశం చదివి నేనే ఆశ్చర్యపోయాను. లేఖనాల నిర్దోషత్వాన్ని ఒప్పుకోవడం రక్షణకి తప్పనిసరి కాదని అందులో స్పష్టంగా ఉంది. దాన్ని కాదంటే వ్యక్తికీ సంఘానికీ తీవ్రమైన నష్టం ఉంటుందని కూడా అక్కడే హెచ్చరించారు. కాథలిక్కులు 1965 నాటి 'దేయి వెర్బుమ్' అనే పత్రంలో, మన రక్షణ కోసం దేవుడు రాయించదలచిన సత్యాన్ని లేఖనాలు తప్పు లేకుండా బోధిస్తాయన్నారు. 17వ శతాబ్దపు వెస్ట్‌మినిస్టర్ విశ్వాస ప్రమాణం ఇంకో మాట చెప్పింది: లేఖనాల్లో అన్నీ ఒకే తీరుగా సులువు కాదు గానీ, రక్షణకి కావలసినవి చదువు లేనివాళ్ళకి కూడా అర్థమయ్యేంత తేటగా ఉన్నాయి.

మూడింటి మాట తీరు వేరు. కానీ పుస్తకం గురించిన సిద్ధాంతం రక్షకుడి స్థానంలో కూర్చోకూడదన్న జాగ్రత్త మూడింట్లోనూ నాకు కనిపించింది. క్రైస్తవ బోధ ప్రకారం రక్షించేది క్రీస్తు. లేఖనం ఆయన్ని చూపించే సాక్షి.

అలాగని "అయితే బైబిల్ నిజమైనా కాకపోయినా ఒకటే" అనడానికీ వీల్లేదు. 1 కొరింథీయులకు 15లో పౌలు కుండ బద్దలు కొట్టినట్టు చెప్తాడు: క్రీస్తు లేవకపోతే మీ విశ్వాసం వ్యర్థం అని. అది ఒక సంఘటన. జరిగిందో లేదో అన్నదే ప్రశ్న. బల్బులన్నీ పారలల్‌లో ఉన్నా మెయిన్ పోతే ఏదీ వెలగదు. సాక్షి చిన్న వివరంలో తడబడటం వేరు, అసలు సంగతే అబద్ధం కావడం వేరు. యాజకుడి పేరు మొదటి రకం, పునరుత్థానం రెండో రకం.

మా నాయనమ్మకి చదువు రాదు. ఆమెకి బైబిల్ అంటే ఆదివారం విన్నది, పాటల్లో నేర్చుకున్నది. సినైటికస్ పేరు ఆమె చెవిన పడే అవకాశమే లేదు. రక్షణ రాతప్రతుల పరీక్ష పాసైనవాళ్ళకే అయితే ఆమెకి చోటు లేనట్టే, ఆమెతో పాటు అచ్చు యంత్రం రాకముందు బతికిన కోట్లమందికీ లేనట్టే. ఈ లెక్క ఏ సంఘమూ ఒప్పుకోదు.

మా జూనియర్ ఒకడు మార్కు చివరి వచనాల గురించి వాళ్ళ ఊళ్ళో ఒక పెద్దాయన్ని అడిగితే, "అలాంటి సందేహాలు ఉన్నవాడికి రక్షణ లేదు" అన్నాడట. వాడు వారం రోజులు సరిగ్గా తినలేదు. వాడికి నేను చెప్పింది ఒక్కటే. ఆ మాట అంత కఠినమైన షికాగో ప్రకటనలో కూడా లేదురా, అడగడం ఆపకు, ముందు మెస్సుకి పద అని. మీ పక్క గదిలో అలాంటివాడు ఎవరైనా ఉంటే, వాదనకి దిగేముందు వాడు ఈ మూడింటిలో ఏ ప్రశ్న అడుగుతున్నాడో కనుక్కోండి.