కాగితం టెండరులో కనిపించని ప్రశ్న

ప్రభుత్వ కార్యాలయానికి జిరాక్స్ కాగితం కావాలంటే ఇండెంటులో సాధారణంగా నాలుగు ముక్కలే ఉంటాయి: ఏ4 సైజు, 75 జీఎస్ఎం, మంచి తెల్లదనం, రీముకు 500 షీట్లు. ఆ కాగితం దేనితో తయారైందన్న ప్రశ్న ఉండదు. తక్కువ ధర కోట్ చేసిన ‘ఎల్ వన్’ సంస్థకు ఆర్డరు వెళ్తుంది.

పర్యావరణహిత కొనుగోళ్లకు ఎల్ వన్ పద్ధతే అడ్డు అని తరచూ వింటాం. ఇది సగమే నిజం. రెండు కవర్ల టెండరులో ముందు సాంకేతిక బిడ్ తెరుస్తారు. అందులో నెగ్గినవారి ధరలనే పోలుస్తారు. కాగితంలో ఇంత శాతం వాడేసిన కాగితపు గుజ్జు ఉండాలని సాంకేతిక షరతుల్లోనే రాస్తే పోటీ అలాంటి కాగితాల మధ్యే జరుగుతుంది. ఆర్డరు అప్పుడూ ఎల్ వన్‌కే. అమెరికా చేసింది దాదాపు ఇదే. క్లింటన్ 1993లో ఇచ్చిన ఉత్తర్వు ఫెడరల్ కార్యాలయాల కాగితంలో వాడేసిన కాగితం వాటాను 1994 చివరి నుంచి కనీసం 20 శాతంగా, 1998 చివరి నుంచి 30 శాతంగా నిర్ణయించింది.

మన దగ్గర లేబుల్ లేక కాదు. మట్టికుండ గుర్తుతో ‘ఎకోమార్క్’ 1991లోనే వచ్చింది, కాగితం కూడా దాని పరిధిలో ఉంది. కానీ కొనేవారు అడగని గుర్తు కోసం కంపెనీలు ఎందుకు ఖర్చు పెడతాయి? 2024లో కొత్త ఎకోమార్క్ నిబంధనలు వచ్చాయి. టెండర్లలో ఆ గుర్తు అడగకపోతే వాటి గతీ అంతే.

తెల్లదనం షరతు మరో చిక్కు. పాత కాగితపు గుజ్జును మల్లెపూవులా చేయాలంటే ఇంకు తీయడానికి, బ్లీచింగుకు ఎక్కువ రసాయనాలు కావాలి. భూమి రికార్డులు, సర్వీసు రిజిస్టర్లు దశాబ్దాలు నిలవాలి, నిజమే. రేపు చెత్తబుట్టలో పడే డ్రాఫ్టుకూ అదే కాగితం దేనికి?

అలాగని ‘రీసైకిల్డ్’ అన్న ఒక్క మాటతో సరిపెట్టడమూ సరికాదు. సారపాక, రాజమహేంద్రవరం మిల్లులకు వెళ్లే సుబాబుల్, యూకలిప్టస్ కలపను రైతులు పొలాల్లో పెంచుతున్నారు. అది అడవి నరికివేత కాదు. తమిళనాడు ప్రభుత్వ సంస్థ టీఎన్‌పీఎల్ చెరకు పిప్పితో కాగితం చేస్తోంది. మరోవైపు రీసైక్లింగ్ మిల్లులు విదేశాల నుంచి పాత కాగితం దిగుమతి చేసుకుంటున్నాయి. కాబట్టి షరతులో ఈ మూడింటికీ చోటుండాలి: వాడేసిన కాగితం, పంట వ్యర్థాలు, ఎక్కడ పెరిగిందో రుజువున్న కలప.

వీటన్నిటికంటే చౌకైన మార్గం మరొకటుంది. 75 జీఎస్ఎం రీము బరువు సుమారు 2.34 కిలోలు. 70 జీఎస్ఎంకు మారితే రీముకు 156 గ్రాములు మిగులుతుంది. రెండు వైపులా ముద్రిస్తే దాదాపు సగం కాగితం మిగులుతుంది. సుప్రీంకోర్టు 2020లో ఏ4 కాగితంపై రెండు వైపులా ముద్రణకు మారింది. చాలా కార్యాలయాల్లో దీనికి టెండరు కూడా అక్కర్లేదు, ప్రింటరులో ఒక సెట్టింగు మారిస్తే చాలు.