ల్యాప్‌టాపునకు వడదెబ్బ

నల్లగొండ, మహబూబ్‌నగరు జిల్లాలలో వేసవి యెండ యెట్టిదో మీకు వేఱుగ చెప్పనక్కఱలేదు. పగలెల్ల కాగిన రాతిగుట్టలు ప్రొద్దు గ్రుంకిన పిదపను సెగలు గ్రక్కుచుండును. అట్టి యొక మధ్యాహ్నమున నేను బొంతపై ల్యాప్‌టాపు పెట్టుకొని పదవ తరగతి ప్రశ్నపత్రమును వ్రాయుచుంటిని. రెండవ పుట ముగియకమునుపే తెర నల్లబడి యంత్రము తనంత తానే ఆగిపోయెను. భద్రపఱుపని వ్రాతయంతయు పోయెను. తప్పు యంత్రముది కాదు, నాదే.

కారణము వినుడు. లెక్కలన్నియు చేయు ప్రాసెసరు గోటియంత పలుక. దానిలో పుట్టిన వేడిని రాగిగొట్టము గ్రహించి సన్నని రేకులకు చేర్చును. చిన్న పంఖా ఆ రేకులగుండ గాలిని తోలి వేడిని వెలుపలికి నెట్టును. పెక్కు ల్యాప్‌టాపులలో ఆ గాలి అడుగునగల రంధ్రములనుండియే లోనికి పోవును. నేను బొంతతో ఆ రంధ్రములనే మూసితిని! పైగా, వేడి యెక్కువగల చోటినుండి తక్కువగల చోటికే ప్రవహించును గదా. గదిలోని గాలియే 42 డిగ్రీలున్నచో, పంఖా యెంత తిరిగినను ప్రాసెసరు అంతకంటె చల్లబడజాలదు.

నా యంత్రము లినక్సుతో నడచునది. 1991లో ఫిన్లండు దేశపు విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ దీనిని ప్రారంభించెను. యంత్రములోని పెక్కు సంగతులను చిన్న ఫైళ్లవలె చదువనిచ్చుట దీని గుణము. మఱునాడు అదే బొంతమీద, "సిస్" అను ఫోల్డరులోని "థర్మల్" భాగమున ఉష్ణోగ్రత ఫైలును తెఱచి చూడగా 91000 అని యుండెను. గుండె ఝల్లుమన్నది. తరువాత తెలిసినది, అది డిగ్రీలో వేయవవంతుల లెక్క. అనగా 91 డిగ్రీల సెంటీగ్రేడు. ఇంత శ్రమ యేల యనువారు "ఎల్‌ఎం-సెన్సార్స్" అను ప్యాకేజీని చేర్చుకొని, టెర్మినలులో "సెన్సార్స్" అను మాటను ఆంగ్లాక్షరములతో టైపు చేసిన చాలును. దానికి ముందు "వాచ్" అని చేర్చినచో, రెండు సెకన్లకొకసారి అంకెలు మాఱుచుండును.

పలు ప్రాసెసర్లకు 100 డిగ్రీల దాపున హద్దు కలదు. అది చేరగానే అవి వేగము తగ్గించుకొనును. మిట్టమధ్యాహ్నము రైతు నాగలి విప్పి చెట్టునీడ చేరుట వంటిదిది. అప్పటికిని వేడి తగ్గనిచో యంత్రము ఆగిపోవును. ఇంటెల్ ప్రాసెసర్లను ముందే నిదానింపజేయుటకు "థర్మల్-డి" అను సేవయు లినక్సులో నున్నది. లిథియం-అయాన్ బ్యాటరీ సంగతి వేఱు. వేడిలో నున్నకొలది అది త్వరగ ముదిసిపోవును, ఆ నష్టము మరల పూడదు. ఎండలో నిలిపిన కారులో ల్యాప్‌టాపును విడిచిపోరాదనుట అందుకే.

నేను యంత్రమును చెక్కబల్లమీదికి మార్చి, వెనుకవైపు అడుగున రెండు పెన్సిళ్లెత్తు పెట్టితిని. అక్కఱలేని బ్రౌజరు పుటలు మూసితిని. కుండకువలె దీనికిని తడిగుడ్డ చుట్టుదమా తాతయ్యా, యని మా మనుమడడిగెను. నీరు ఆవిరియగుచు కుండను చల్లబఱచునని వానికి తెలియును, సంతోషమే. కాని నీటికిని విద్యుత్తునకును పొత్తు కుదరదు. కూలరు గాలినైనను గదికే గాని యంత్రముపైకి తిన్నగ త్రిప్పరాదు.

ఇంత చేసినను అంకె 80కి దిగలేదు. పట్టణమున మరమ్మతు చేయునతనియొద్ద అడుగుపలక విప్పించితిని. రేకుల నడుమ మన చల్కనేలల ఎఱ్ఱదుమ్ము దూదివలె పేరుకొనియుండెను. అతడు దానిని బ్రష్షుతో దులిపి, ప్రాసెసరునకును రాగిపలకకును నడుమ ఎండిపోయిన లేపమును తుడిచి క్రొత్తది పూసెను. ఇంటికి వచ్చి, అదే గదిలో, అదే యెండలో, "సెన్సార్స్" అని కొట్టి చూచితిని: 66.