భూతం బొమ్మ మంచిచెడ్డలు

మా తాతలు చిత్తూరు సీమ విడిచి బెంగుళూరు చేరినప్పుడు వెంట తెచ్చుకున్న సామానులో ఒక ట్రంకుపెట్టె నిండా బొమ్మలే ఉండేవట. నాటినుండి నేటివరకు దసరా వచ్చిందంటే మా ఇంట మెట్లు కట్టవలసిందే, కొలువు తీర్చవలసిందే. మన సంఘంలో చాల ఇళ్ళ సంగతి ఇంతే గదా! ఏ బొమ్మ పనితనం గలది, ఏది అంగడివాడు అంటగట్టినది అని చెప్పడంలో మన ఆడవారికున్న నేర్పు అంతా ఇంతా కాదు. ఆ నేర్పు అమెరికా సినిమాలోని భూతం బొమ్మ దగ్గర కూడ పనికివస్తుందని మాత్రం మాకు నిరుడే తెలిసివచ్చింది. ఇప్పుడు మన పిల్లలు కొందరు ఇటువంటి బొమ్మలు కొని దాచుకుంటున్నారు. కనుక జరిగినదీ, దానివల్ల మేము నేర్చుకున్నదీ నలుగురికీ చెప్పడం మంచిదని ఈ నాలుగు మాటలు వ్రాస్తున్నాము.

మా చిన్న మనవడు ఉద్యోగంలో చేరి అప్పటికి ఏడాది కాలేదు. వాడికి భయానక చిత్రాలంటే ప్రాణం. ఒకనాటి సాయంత్రం ఒక అట్టపెట్టె చంకన పెట్టుకొని వచ్చాడు. “తాతా, ఫ్రాంకెన్‌స్టైన్ భూతం! మూడు నెలలు కూడబెట్టి తెప్పించాను. బయట దీని ధర ఇంతకు రెండింతలు” అన్నాడు. ఇచ్చినది మూడువేల ఎనిమిదివందల రూపాయలు. ఏడంగుళాల బొమ్మ, మెడ, చేతులు, మోకాళ్ళు అన్నీ కదులుతవి.

మా ఇంటావిడ దీపానికి వత్తులు చేసుకుంటూ కూర్చున్నది. బొమ్మను ఒకసారి చేతిలోకి తీసుకొని, “ఒరే నాయనా, దీని రెండు కళ్ళూ రెండు దిక్కులు చూస్తున్నవేమిరా?” అన్నది.

వాడు నొచ్చుకున్నాడు. “నీకేం తెలుసు అవ్వా? ఆ సినిమా చూశావా నువ్వు?”

“సినిమా చూడకపోతేనేం, ముఖం చూశాను గదా. పైగా కిరసనాయిలు కంపు కొడుతున్నది” అంటూ చేయి కొంచెం పైకెత్తింది. ఆ చేయి ఊడి ఆమె ఒడిలో పడింది. పెద్ద మనవడి కూతురు, ఏడాదిన్నర పిల్ల, పాకి వచ్చి ఆ చేతిని నోట పెట్టుకోబోయింది. మేము గబుక్కున లాక్కున్నాము. చూస్తే మా వేళ్ళకు ఆకుపచ్చ రంగు అంటి ఉన్నది. అమ్మినవాడికి వ్రాస్తే, పెట్టె విప్పారు గనుక వాపసు లేదని జవాబు వచ్చింది. మనవడు ఆ పూట అన్నం సరిగా తినలేదు.

మొదట మూలం తెలియాలి

ఆ ఆదివారం ఇంటిల్లిపాదీ కూర్చొని ఆ చిత్రం చూశాము. కథకు మూలం మేరీ షెల్లీ 1818లో ప్రకటించిన నవల. ఫ్రాంకెన్‌స్టైన్ అన్నది భూతం పేరు కాదు, దానిని సృష్టించినవాడి పేరు. పాపం, భూతానికి పేరే లేదు. యూనివర్సల్ కంపెనీ 1931లో తీసిన చిత్రానికి జేమ్స్ వేల్ దర్శకుడు. భూతం వేషం బోరిస్ కార్లాఫ్‌ది. ఆ ముఖాన్ని తీర్చినవాడు జాక్ పియర్స్ అనే వేషనిపుణుడు. చదునైన నడినెత్తి, నుదుటి మీద కుట్టు, మెడకు రెండు ప్రక్కల లోహపు మొలలు — ఇవన్నీ ఆయన చేతిపని. ఆ మొలలు మేకులు కావు, విద్యుత్తు పోవడానికి పెట్టినవి.

అంతకంటె ముఖ్యమైనవి కనురెప్పలు. పియర్స్ వాటిమీద మైనం అద్ది బరువెక్కించాడు. అందుకే ఆ భూతం సగం నిద్రలో ఉన్నట్టు చూస్తుంది. కార్లాఫ్ తన కట్టుడు పళ్ళు కొన్ని తీసివేయగా ఒక ప్రక్క బుగ్గ లోపలికి పోయింది. చేతులు పొడుగుగా కనబడాలని కోటు చేతులు పొట్టిగా కుట్టించారు. పై కిటికీ తెరవగా వచ్చిన వెలుతురును పట్టుకోవాలని భూతం చేతులు చాచే ఘట్టం వచ్చినప్పుడు మా ఇంటావిడ, “ఇది భూతం కాదురా, తల్లిలేని పిల్లవాడు” అన్నది.

ఇక మంచి బొమ్మకు పరీక్ష ఏమిటో వేరే చెప్పనక్కరలేదు. రెప్పలు బరువుగా ఉన్నవా? బుగ్గ లొట్టపోయిందా? మణికట్టు కోటు దాటి వచ్చిందా? మేము కొన్న బొమ్మ కళ్ళు గుండ్రంగా విప్పుకొని, సంతలో తప్పిపోయినవాడిలా తెల్లబోయి చూస్తున్నది. మొలలు మాత్రం పెద్దవి పెట్టారు! మొలలు ఎవరైనా పెట్టగలరు. ముఖంలోని భావమే పనితనం.

ముఖం, పూత, కీలు, నిలకడ

ఇట్టి బొమ్మలలో కనుపాపలను ఇప్పుడు చాలమట్టుకు యంత్రంతోనే అద్దుతారు. అచ్చు వెంట్రుకవాసి ప్రక్కకు జరిగితే మెల్లకన్నే. అసలు కంపెనీ సరుకులో కూడ ఒక బొమ్మకూ మరొక బొమ్మకూ తేడా ఉంటుంది. అందువల్ల వీలైనప్పుడు అంగడికి వెళ్ళి, రెండు మూడు ప్రక్కప్రక్కన పెట్టి చూసి ఎంచుకోవడమే మేలు.

రంగు విషయంలో ఒక చిక్కు ఉన్నది. చిత్రమేమో నలుపు తెలుపు. పియర్స్ పూసిన ఆకుపచ్చ బూడిద రంగు తెరమీద శవంలా పాలిపోయి కనబడేది. కాబట్టి ఆకుపచ్చ బొమ్మా తప్పు కాదు, బూడిదరంగు బొమ్మా తప్పు కాదు. నెకా అనే కంపెనీ రెండు విధాలుగానూ చేసింది. చూడవలసినది రంగు ఏదని కాదు, పూత ఎట్లా ఉన్నదని. చర్మం నిగనిగ మెరవకూడదు. పల్లాలలో నీడ ఉండాలి. జుట్టు రంగు నుదుటి మీదికి, చొక్కా రంగు మెడ మీదికి పాకకూడదు.

కీళ్ళ సంగతి చన్నపట్నం వెళ్ళి బొమ్మలు కొనేవారికి చెప్పనక్కరలేదు. బిగువుగా ఉండాలి, అయినా తిరగాలి. క్రొత్త బొమ్మలో కీలు పట్టివేసి ఉంటే బలవంతంగా తిప్పరాదు. గోరువెచ్చని నీటిలో కాసేపు ఉంచితే ప్లాస్టిక్ మెత్తబడి తిరుగుతుంది. కాలు వంగి బొమ్మ ఒరుగుతుంటే వేడి నీటిలో ముంచి, నిటారుగా సరిచేసి, వెంటనే చన్నీటిలో పెట్టాలి. ఎవరి సాయమూ లేకుండ రెండు కాళ్ళమీద నిలవగలిగినదే మంచి బొమ్మ.

నకిలీని పట్టుకోవడం

ధర సగమని చెప్పినప్పుడే అనుమానించాలి. పెట్టె మీది అక్షరాలు అలుక్కుపోయినట్టుంటే, బొమ్మ పెట్టెలో కదిలి గలగలలాడితే, విప్పగానే ఘాటైన కంపు కొడితే కొనవద్దు. అసలు బొమ్మకు సాధారణంగా అరికాలి మీదనో వీపు మీదనో కంపెనీ గుర్తు, సంవత్సరం ఉంటవి. మా బొమ్మ అరికాలు నున్నగా ఉన్నది! పెట్టె విప్పేముందు నాలుగు ప్రక్కలా ఫోటో తీసి, విప్పుతున్నప్పుడు కూడ తీసి ఉంచుకుంటే తగాదాలో అక్కరకు వస్తుంది. ఈ జాగ్రత్త మాకు ఆలస్యంగా తట్టింది.

పిల్లలున్న ఇళ్ళవారికి ఒక మనవి. మన దేశంలో 2021 జనవరి 1 నుండి 14 ఏండ్లలోపు పిల్లల ఆటవస్తువులకు ఐ.ఎస్.ఐ. గుర్తు తప్పనిసరి. దాచుకునే బొమ్మలు చాలవరకు పెద్దవారికని ముద్రించి వచ్చేవి. వాటిని ఆటవస్తువుగా భావించి పసిపిల్లల చేతికి ఇవ్వరాదు. నకిలీ రంగులో ఏమున్నదో చేసినవాడికే తెలియాలి.

పాత బొమ్మలు

అసలు ‘యాక్షన్ ఫిగర్’ అన్న మాటే 1964లో అమెరికాలో పుట్టింది. హాస్‌బ్రో కంపెనీ జి.ఐ. జో అనే సిపాయి బొమ్మను తెచ్చినప్పుడు, బొమ్మ అంటే మగపిల్లలు ముట్టుకోరని ఆ పేరు పెట్టారట! దానికి ముందే, 1961లో, అరోరా కంపెనీ మన భూతాన్ని విడిముక్కలుగా అమ్మింది. కొన్నవారే అతికించి రంగు వేసుకునేవారు. అందుచేత ఆ పాత బొమ్మ మంచిచెడ్డలు కంపెనీవి కొంత, అతికించిన పిల్లవాడివి కొంత.

1979లో ‘ఏలియన్’ చిత్రం వచ్చింది. 17 ఏండ్లలోపు పిల్లలు పెద్దల తోడు లేక చూడరాదని అమెరికాలో నిర్ణయించిన చిత్రం అది. అయినా కెన్నర్ కంపెనీ అందులోని వికృతజీవిని 18 అంగుళాల బొమ్మగా చేసి పిల్లలకు అమ్మజూపింది. తల్లిదండ్రులు గోలపెట్టారు, బొమ్మ అంగళ్ళనుండి వెనక్కు పోయింది. ఈనాడు దానినే ఏరికోరి కొంటున్నారు. కొనేవారు మొదట చూసేది తలమీది పారదర్శకమైన మూత. అది ఊడిపోయే స్వభావం గలది. క్రొత్తగా చేసిన నకలు మూతలు తగిలించి అమ్మేవారూ ఉన్నారు. వీపు మీది కొమ్ములున్నవా, లోపలి దవడ కదులుతున్నదా అన్నది తరువాతి మాట. అరుదైనది గనుక వెల పెరిగింది. అంతమాత్రాన పనితనం పెరగలేదు. వెల వేరు, మంచితనం వేరు. ఈ రెంటినీ ఒకటిగా భావించినవారే మోసపోతారు.

నాలుగు నెలలు గడిచాక మనవడు మళ్ళీ డబ్బు కూర్చుకున్నాడు. ఈసారి, “అవ్వా, నువ్వు కూడ రా” అని పిలిచాడు. నగరంలోని ఒక అంగడిలో అదే భూతం బొమ్మలు మూడు ఉన్నవి. ఆవిడ కళ్ళజోడు తుడుచుకొని మూడింటినీ చూసి, పెట్టె మూల నలిగిన దానిని తీసింది. “దీని అట్ట నలిగిందండీ, మంచిది ఇస్తాను” అన్నాడు అంగడివాడు. “అట్ట నలిగితే నలిగింది. దిగులు వీడి ముఖంలోనే ఉన్నది” అన్నది. నలిగిన పెట్టె గనుక నాలుగువందలు తగ్గించి ఇచ్చాడు. ఇంటికి వచ్చి అరికాలు చూస్తే గుర్తు, సంవత్సరం చక్కగా ఉన్నవి.

దసరా ముగిశాక కొలువు బొమ్మలను పాత పంచెగుడ్డలలో చుట్టి అటక ఎక్కిస్తాము గదా. భూతాన్ని మాత్రం ఎక్కించలేదు. ఆ వేడికి ఇటువంటి ప్లాస్టిక్ జిగటగా మారుతుంది, ఎండ తగిలితే రంగు పోతుంది. అందుచేత అది మనవడి పుస్తకాల అలమారులో, ఎండ పడనిచోట నిలబడి ఉన్నది. నకిలీని కూడ పారవేయలేదు. ఊడిన చేతితో సహా ఒక డబ్బాలో వేసి, పసిపిల్లకు అందనిచోట ఉంచాము. ఇటువంటి బొమ్మలు కొనబోయే పిల్లలు ఎవరైనా మా ఇంటికి వస్తే రెండూ ప్రక్కప్రక్కన పెట్టి చూపుతున్నాము. మన సంఘంవారిలో ఎవరికి అవసరమైనా నిరభ్యంతరంగా రావచ్చు. కాఫీ త్రాగి, రెండు ముఖాలూ చూసి వెళ్ళవచ్చు.