చీకటి పాటల కవికి చిరకీర్తి తగునా?

ర్యాప్ అను పేరు వినగానే పెద్దలలో పలువురు ముఖము చిట్లింతురు. యువకులలో పలువురు చెవులు రిక్కింతురు. ఆ కళ యెట్టిదో, అందలి మంచిచెడ్డలను కొలుచుటకు ఏది కొలబద్దయో విచారించువారు ఇరుపక్షములందును తక్కువ. అందుచే ఒక్క కవిని ఉదాహరణముగా గైకొని యీ విషయమును సావధానముగా పరిశీలింతము. ఆయన అమెరికా దేశమున న్యూయార్కు నగరమునకు చెందిన ప్రాడిజీ. ఆయన పాటలకు హత్య, భయము, ద్రోహము, రోగము, మరణము వస్తువులు. ర్యాప్ నెరిగినవారు ఆయనను గౌరవింతురు. అయినను ఆ కళలో మహామహులను లెక్కించునప్పుడు మొదటి వరుసలో ఆయన పేరు అరుదుగా వినబడును. ఇది న్యాయమేనా యన్నది మన ముందున్న ప్రశ్న.

అట్టి మహామహులను ఆంగ్లమున ‘లెజెండ్’ అందురు. ఈ మాట మనకు క్రొత్తది కాదు. 2007 జనవరిలో హైదరాబాదున జరిగిన తెలుగు చలనచిత్ర వజ్రోత్సవములలో ఈ బిరుదు ఎవరికి చెల్లును, ఎవరికి చెల్లదు అను వాగ్వాదము వేదికమీదనే జరిగిన సంగతి పలువురకు జ్ఞాపక ముండును. ప్రసిద్ధి వేరు, చిరకీర్తి వేరు. ప్రసిద్ధిని లెక్కపెట్టవచ్చును, చిరకీర్తిని తూచవలెను. తూచుటకు మూడు తూనికరాళ్ళు చాలును. ఆ కవి అంతకు ముందు లేని దేనిని తెచ్చెను? తరువాతివారిపై ఆయన ముద్ర యెంత? కాలము గడచినను ఆ రచన నిలిచినదా?

ముందుగా ర్యాప్ స్వరూపమును తెలిసికొందము. 1973 ఆగస్టు 11వ తేదీన న్యూయార్కులోని బ్రాంక్స్ ప్రాంతమున, జమైకానుండి వచ్చిన కూల్ హెర్క్ అను యువకుడు ఒక విందులో గ్రామఫోను పలకలను ఆడించుచు, వాద్యములు మాత్రమే మ్రోగు భాగములను పొడిగించి జనులచే నృత్యము చేయించెను. ఆ సంప్రదాయములో తాళమునకు సరిపడ పలికెడు మాటలే క్రమముగా ర్యాప్ అయినవి. ఇందు రాగమునకు ప్రాధాన్యము లేదు, లయయే ప్రాణము. నాలుగు దెబ్బల ఆవర్తనములు సాధారణముగా పదునారు కలిసి ఒక చరణమగును. అంత్యప్రాసలు, పాదమధ్యమున వచ్చు ప్రాసలు దానికి అలంకారములు. మన బుర్రకథలో కథకుడు వేగముగా నడపు వచనమును విన్నవారికి ఈ పద్ధతి అంత పరాయిదిగా తోచదు. 2018లో కెండ్రిక్ లామార్ అను ర్యాప్ కవి సంగీతమునకుగాను పులిట్జర్ బహుమానమును పొందెను. కనుక ఇది కళయా కాదా యను వివాదమును ఇక పొడిగింప నక్కరలేదు.

ప్రాడిజీ యనగా అద్భుత ప్రతిభ గల బాలుడని అర్థము. ఆయన అసలు పేరు ఆల్బర్ట్ జాన్సన్. 1974 నవంబరు 2వ తేదీన న్యూయార్కు రాష్ట్రములోని హెంప్‌స్టెడ్‌లో జన్మించెను. తాత బడ్ జాన్సన్ పేరెన్నికగన్న జాజ్ శాక్సఫోను విద్వాంసుడు. నాయనమ్మ బెర్నిస్ జాన్సన్ క్వీన్స్ ప్రాంతమున నాట్యశాల నడపిన విదుషి. కళ ఆయనకు ఇంటి ఆస్తి. మాన్‌హాటన్‌లోని చిత్రకళా ఉన్నత పాఠశాలలో చదువుకొనునప్పుడు హావొక్ అను సహపాఠితో స్నేహము కుదిరెను. ఈ యిరువురును కలిసి ‘మాబ్ డీప్’ అను జంటగా ఏర్పడిరి.

హావొక్ నివసించినది క్వీన్స్‌బ్రిడ్జ్ గృహసముదాయము. 1939లో తెరువబడిన యీ సముదాయము, మూడువేలకు పైబడిన వాటాలతో, ఉత్తర అమెరికాలో సర్కారు నిర్మించిన పేదల గృహసముదాయములలో మిక్కిలి పెద్దది. 1980 తరువాత అచ్చట మత్తుమందుల వ్యాపారము, తుపాకులు, నిరుద్యోగము పెరిగినవి. మాబ్ డీప్ పాటలకు ఆ వీథులే రంగస్థలము. వారి మొదటి సంపుటము ‘జువెనైల్ హెల్’ 1993లో వెలువడి ఆదరణ పొందలేదు. దానిని ప్రచురించిన సంస్థ వారిని వదలుకొనెను. ఇరువది యేండ్లైనను నిండని పిల్లల కది చిన్న దెబ్బ కాదు. వారు తిరిగి కూర్చుండి, తమకు తెలిసిన బ్రతుకును తమ మాటలతోనే చెప్ప నిశ్చయించుకొనిరి. ఫలితముగా 1995 ఏప్రిల్ 25న ‘ది ఇన్‌ఫేమస్’ అను రెండవ సంపుటము వెలువడెను.

ఇందలి ‘షుక్ వన్స్, రెండవ భాగము’ అను పాట వారి కీర్తికి మూలము. పైకి ధైర్యము నటించుచు లోన వణకువారని ఆ పేరునకు భావము. హెర్బీ హాంకాక్ వాయించిన జాజ్ పియానో తునకను హావొక్ మందగతికి మార్చి, గుర్తుపట్టరాని విధముగా ఈ పాటకు ఆధారము చేసెను. అది యే పాటలోనిదో 2011 వరకు అభిమానులు కనిపెట్టలేకపోయిరి. దానిపై ప్రాడిజీ కేకలు వేయడు, ఒగరుస్తూ పరుగెత్తడు. తక్కువ స్వరమున, తొందరలేక, ఎదుట నిలిచినవానితో మాటలాడినట్లు పలుకును. పాండిత్యమును చూపు పదములు లేవు. జటిలమైన ప్రాసలకై ప్రాకులాట లేదు. మాటలు చిన్నవి, చిత్రము స్పష్టము. బెదిరింపు గొంతెత్తి పలికిన దానికంటె మెల్లగా పలికినది యెక్కువ భయము గొలుపునని ఆయన యెరుగును. ఇరువది యేండ్ల యువకుని కంఠమున జీవితమంతయు చూచిన ముదుసలి అలసట వినిపించును. ఇదియే ఆయన తెచ్చిన క్రొత్తదనము. అంతకు ముందు వీథి జీవితమును పాడినవారు లేకపోలేదు. కాని ఆ జీవితమునందలి చలిని, నిద్రపట్టని రాత్రుల గుండెదడను ఇంత నిరాడంబరముగా వినిపించినవారు అరుదు.

ఈ చీకటి ఎచ్చటినుండి వచ్చినది? వీథినుండి మాత్రము కాదు, శరీరమునుండియు వచ్చినది. ప్రాడిజీ పుట్టుకతోనే సికిల్ సెల్ రోగి. ఈ వ్యాధి తల్లిదండ్రు లిరువురినుండియు సంక్రమించును. రక్తములోని హీమోగ్లోబిన్ నిర్మాణమున ఒక చిన్న మార్పు వలన, ప్రాణవాయువు తగ్గినప్పుడు గుండ్రని ఎర్రకణములు కొడవలి ఆకారము దాల్చి సన్నని రక్తనాళములను అడ్డగించును. అప్పుడు ఎముకలలో, కీళ్ళలో, రొమ్ములో పుట్టు నొప్పి దుర్భరము. చలి, ఎండ, అలసట, దప్పిక ఏది యెక్కువైనను అది తిరుగబెట్టవచ్చును. 1910లో షికాగో వైద్యుడు జేమ్స్ హెరిక్ దీనిని వర్ణించెను. 1949లో లైనస్ పౌలింగ్ బృందము ఇది అణువులోని లోపమని నిరూపించెను.

ఇది దూరదేశపు వ్యాధియని మనము ఊరకుండరాదు. భారతదేశమున దీనిని మొదట గుర్తించినది 1952లో, నీలగిరి గిరిజనులలో. ఒడిశా, మహారాష్ట్ర, ఆంధ్రదేశపు మన్యములలోను ఇది కలదు. 2023లో భారత ప్రభుత్వము దీని నిర్మూలనకై జాతీయ ఉద్యమము నారంభించి, 2047ను గడువుగా పెట్టుకొనెను. మన పాఠశాలలలో తరచుగా ‘ఒళ్ళు నొప్పులు’ అని సెలవు కోరు బాలుని సోమరియని తలచుటకు ముందు ఈ సంగతి జ్ఞాపకము చేసికొనుట మంచిది.

2000లో వెలువడిన తన సొంత సంపుటములో ప్రాడిజీ ఈ రోగమును గూర్చియే ఒక పాట చెప్పెను. నా నొప్పి నీవెన్నటికిని ఎరుగవని దాని పేరునకు అర్థము. ఆసుపత్రి మంచము, మందుల మత్తు, చిన్ననాటినుండి వెంటనంటిన ఒంటరితనము అందు కలవు. బలమును చాటుకొనుటయే వాడుకయైన ఆ కళలో, ఒక కఠినుడు తన దేహదౌర్బల్యమును బహిరంగముగా చెప్పుట సామాన్యమైన సాహసము కాదు. ఆ పాటను విన్న తరువాత ఆయన పూర్వపు పాటలు మరల వినినచో, చావు ఆయనకు అలంకారము కాదనియు, బాల్యమునుండి ప్రక్కన కూర్చున్న పొరుగువాడనియు తెలియును.

ఇంతటివానికి తగిన స్థానము ఏల లభింపలేదు? కారణములు పెక్కు. ఒకటి, అదే క్వీన్స్‌బ్రిడ్జ్‌నుండి నాస్ అను కవి 1994లో ‘ఇల్‌మాటిక్’ అను సంపుటముతో బయలుదేరి, ఆ వీథుల కవి యను పేరు ముందుగా సంపాదించెను. రెండవది, ప్రాడిజీ జంటలో ఒకడగుటచే కీర్తి పంచుకొనబడినది. మూడవది 2001లో జరిగిన అవమానము. జే-జీ అను ప్రఖ్యాత గాయకుడు వేలమంది చూచుచుండగా, ప్రాడిజీ బాల్యమున నాట్యవేషముతో తీయించుకొన్న ఛాయాచిత్రమును పెద్ద తెరపై ప్రదర్శించి యెగతాళి చేసెను. నాయనమ్మ నాట్యశాలలో ఆడిన పిల్లవాడగుట నిజమునకు గౌరవమే. కాని కాఠిన్యమునే గొప్పగా నెంచు ఆ లోకమున అది నవ్వులపాలయ్యెను. నాలుగవది స్వయంకృతము. చట్టవిరుద్ధముగా తుపాకి కలిగియున్న నేరమునకు 2007లో మూడున్నర యేండ్ల శిక్ష పడి, 2011 మార్చిలో విడుదల యయ్యెను. అన్నిటికంటె లోతైన కారణము ఆయన శైలియే. సులభముగా కనబడు దానిని జనులు సులభమనియే తలతురు.

ఇక బలమైన ఆక్షేపణ యొకటి కలదు. హింసను పాడినవానికి చిరకీర్తి యిచ్చినచో హింసకే కిరీటము పెట్టినట్లు కాదా? ఈ ఆక్షేపణను తేలికగా త్రోసివేయరాదు. ఆయన పాటలలో కొన్ని ప్రగల్భములు మాత్రమే. స్త్రీలను గూర్చిన కొన్ని మాటలు ఏ విధముగను సమర్థింపదగినవి కావు. రోగము వానికి క్షమాపణ పత్రము కానేరదు.

అయినను మన సాహిత్యమే యిచ్చట దారి చూపును. భరతముని చెప్పిన రసములలో భయానక బీభత్సములును కలవు. తిక్కన నిదురించువారిని అశ్వత్థామ వధించిన సౌప్తికపర్వమును తెనిగించెను. దాని వెంటనే స్త్రీపర్వమున తల్లుల యేడ్పును వినిపించెను. హింస కావ్యమున ఉన్నదా లేదా యనుట గాక, ఆ హింస యేమి విలువకు వచ్చినదో కవి చెప్పినాడా లేదా యని అడుగవలెను. ప్రాడిజీ ఉత్తమ రచనలలో ఈ రెండవ భాగము కలదు. తుపాకి పట్టినవాడు సుఖముగా నిద్రింపడు, స్నేహితుని నమ్మడు, దేవుని యెదుట తలయెత్తలేడు. ‘ది ఇన్‌ఫేమస్’లోనే, పోలీసులకు చిక్కక తిరుగు ఆప్తుని ఉద్దేశించిన పాట యొకటి కలదు. అందు విజయగర్వము లేదు. ఇంటివారి బెంగ మాత్రమే యున్నది. ఆ పాటలు విని నేరజీవితముపై మోజుపడుట కష్టము.

ఇప్పుడు తూనిక చూతము. క్రొత్తదనమును గూర్చి పైన చెప్పితిమి. ముద్ర విషయమున, 2002లో వచ్చిన ‘8 మైల్’ అను చలనచిత్రము షుక్ వన్స్ పాటతోనే ఆరంభమగుట ఒక్క నిదర్శనము చాలును. ర్యాప్ నేర్చుకొను యువకులు నేటికిని ఆ లయపై తమ మాటలను పరీక్షించుకొందురు. కాలము విషయమున, ఆయన 2017 జూన్ 20న, 42 యేండ్ల వయసున, లాస్ వేగాస్‌లో మరణించెను. సంగీత సభలకై వెళ్ళి, వ్యాధి తిరుగబెట్టి ఆసుపత్రిలో నుండగా, ఆహారము గొంతున అడ్డుపడుటచే ప్రాణము పోయినదని విచారణాధికారి తేల్చెను. 2025 అక్టోబరులో, ఆయన విడిచిపోయిన కంఠధ్వనితో మాబ్ డీప్ పేర క్రొత్త సంపుటము వెలువడెను. మరణించిన ఎనిమిదేండ్లకు గూడ ఆ కంఠమును కోరువారున్నారన్నమాట.

లోపములను గూడ తూనికలో వేయవలెను. 1995లో అందుకొన్న శిఖరమును ఆయన తరువాత కొన్నిమార్లు మాత్రమే తాకెను. సంపుటము లన్నియు సమానములు కావు. కాని ఏ కవిని అయినను ఆయన శిఖరములను బట్టి కొలుతుము గాని లోయలను బట్టి కాదు. కావున నా తీర్పు ఇది: ప్రాడిజీ అనుసరింపదగిన పురుషుడు కాడు, కాని చిరకీర్తి కర్హుడైన కవి. ఈ రెండింటిని వేరుచేసి చూచుటయే సాహిత్య వివేకము.

ఆయననుండి మన విద్యార్థులు గ్రహింపదగినది చీకటి కాదు, నిజాయితీ. బయటివారి మెప్పుకై ఆయన తన పేట మాటను మార్చుకొనలేదు. కొద్ది వీథుల యాసను లోకమంతయు చెవియొగ్గి వినునట్లు చేసెను. హోసూరు తెలుగు, బళ్ళారి తెలుగు, బరంపురపు తెలుగు పుస్తకాల తెలుగు వలె లేవని సిగ్గుపడు పిల్లలు మనలో కలరు. వారు సిగ్గుపడ నక్కరలేదు. తాను నిజముగా అనుభవించిన దానిని, తాను నిజముగా మాటలాడు మాటలో చెప్పినవాని వాక్కు ఏ మూలనుండి వచ్చినను నిలుచును.