కోణమాపకము

వరంగల్లు సీమలో, ములుగు చేరువ పాలంపేటయందు, 1213లో గణపతిదేవుని సేనాని రేచర్ల రుద్రుడు నిర్మింపజేసిన రామప్ప దేవాలయమును దర్శించినవారు మదనికల సొగసును, నీటిలో తేలు ఇటుకల వింతను చెప్పుకొనుచు మరలివత్తురే గాని, ఆ మదనికలను మలచిన నల్లని డోలరైటు శిల యావత్తు స్ఫటికముల కూర్పే యని తలపోయువారు అరుదు. అందలి ప్లేజియోక్లేసు త్రినతాక్ష వర్గమునకును, ఆగైటు ఏకనతాక్ష వర్గమునకును చెందినవి. శిలాద్రవము చల్లారునపు డొకదానినొకటి ఒత్తుకొని పెరుగుటచే వాటికి నున్నని ముఖము లేర్పడలేదు.

స్ఫటికపు కోణములను కొలుచు మొదటి కోణమాపకమునకు అట్టి ముఖములే ఆధారము. స్ఫటికము చిన్నదైనను పెద్దదైనను, పదార్థమొక్కటే యైనచో సదృశముఖముల నడిమి కోణము మారదని 1669లో స్టెనో క్వార్ట్జునందు గుర్తించెను. 1780 ప్రాంతమున పారిసులో రోమే ద లీల్ కొరకు స్ఫటికముల మట్టి నమూనాలు చేయుచుండిన కరంజో, కోణములు తప్పిపోకుండుటకై రెండు లోహపు బద్దలను అర్ధవృత్తపు కొలతపలకకు బిగించి ఒక పరికరమును చేసికొనెను. పనివాని అక్కరనుండి పుట్టిన పనిముట్టు గనుక దానియం దాడంబరము లేదు; సూక్ష్మతయు లేదు.

1809లో ఊలాస్టన్ ముఖమును తాకుట మానెను. ముఖముపై ప్రతిఫలించు వెలుగును చూచుచు, స్ఫటికమును త్రిప్పి, ఎంత త్రిప్పెనో చదువుటయే అతని ఉపాయము. దానితో కాల్సైటు కోణము 105 డిగ్రీల 5 నిమిషములనియు, డోలమైటుది 106 డిగ్రీల 15 నిమిషములనియు, ఇనుప కార్బొనేటుది 107 డిగ్రీలనియు తేలి, కంటికి తోబుట్టువులవలె గనబడు ఖనిజములు వేరుపడెను. నా దృష్టిలో ఈ యంత్రచరిత్రలో ఇంతకన్న గొప్ప ఘట్టము మరొకటి లేదు. తరువాతి ఘనకార్యములన్నిటికి ఓపికతో కూడిన ఈ కొలతలే పునాది.

స్ఫటికములోపల ఏకకకోష్ఠిక యను చిన్న కూర్పు మూడు దిక్కుల పునరావృత్తమగుచు జాలకమగునని గణితజ్ఞులు ఊహించి, 7 వర్గములు, 14 జాలకములు, 230 సౌష్ఠవసమూహములు లెక్కించిరి. ప్రత్యక్షప్రమాణము మాత్రము 1912లో మ్యూనిచ్చునందు లావే సూచనపై ఫ్రీడ్రిక్, క్నిప్పింగులు ఎక్స్ కిరణములను స్ఫటికముగుండా పంపినపుడు గాని లభింపలేదు. మరుసటి ఏట లీడ్స్‌లో విలియం హెన్రీ బ్రాగ్ ఆ పాత కోణమాపకమునే గైకొని, కన్నున్నచోట అయనీకరణపేటికను నిలిపెను. పరమాణుతలముల నడిమి దూరమునకు రెండింతలను, కిరణము ఆ తలములతో చేయు కోణపు సైనుతో గుణించిన వచ్చునది తరంగదైర్ఘ్యమునకు పూర్ణాంకగుణిజమైననే కిరణము బలముగా వెలువడును.

1916లో డిబై, షెరర్‌లు పొడినే పరీక్షించు మార్గము కనిపెట్టుటతో బయటి ముఖముల అక్కరయే తీరెను. రామప్ప గోడలవంటి ఇసుకరాతిని నూరి, రాగినుండి పుట్టు ఎక్స్ కిరణముల నెదుట నుంచినచో, కిరణము 26.6 డిగ్రీలు మళ్లినచోట ఇసుకలోని క్వార్ట్జు ఎత్తైన శిఖరమును చూపును. డోలరైటు పొడియందు ప్లేజియోక్లేసు 28 డిగ్రీల చేరువ తన ఉనికిని తెలుపును.

కోణమువలన సౌష్ఠవమును, సౌష్ఠవమువలన భౌతికధర్మములను తెలియవచ్చునను విచారమును తెలుగుగడ్డపై సాగించినవారు వాల్తేరులో సూరి భగవంతము, టి. వెంకటరాయుడు. సమూహసిద్ధాంతముపై వారు రచించిన గ్రంథము 1948లో వెలువడినది. త్రినతాక్ష స్ఫటికపు స్థితిస్థాపకతను వర్ణించుటకు 21 స్థిరాంకములు కావలెను. ఘనవర్గపు ఉప్పుకల్లునకు మూడే చాలును. తక్కిన పదునెనిమిదింటిని ప్రయోగశాలలో కొలువనక్కరలేకుండ సౌష్ఠవమే తీర్చివేయును.