ఇండొనీషియా జాతీయత: అపోహలు – వాస్తవములు

పరపాలన నుండి విముక్తి పొందిన దేశముల జాతీయ సంస్కృతి, విదేశీయుల రాకకు పూర్వమే సంపూర్ణముగా రూపొంది, నడుమ మరుగునపడి, స్వాతంత్ర్యముతో మరల వెలికివచ్చినదని తలంచుట పరిపాటి. వేలకొలది దీవులును, వందలకొలది భాషలును గల ఇండొనీషియా చరిత్రను పరిశీలించినచో ఈ తలంపు నిలువదు; అచటి జాతీయ సంస్కృతి భిన్న వారసత్వములు గలవారు తమలో తాము కుదుర్చుకొనిన ఒడంబడిక.

అపోహ: ఆ దేశము యావత్తు 350 ఏండ్లు డచ్చివారి పాలనలో మ్రగ్గినది.

వాస్తవము: డచ్చి ఈస్టిండియా కంపెనీ 1602లో స్థాపితమై, 1619లో జావా తీరమున బటావియా నగరమును నెలకొల్పిన మాట నిజమే. మన మచిలీపట్టణమున వర్తకము సాగించి, కోరమాండల్ తీరపు వస్త్రములను ఆ దీవుల సుగంధద్రవ్యములకు మారకముగా వాడినదియు నా కంపెనీయే. కాని నాడు దాని అధికారము కొన్ని కోటలకును, రేవులకును, వాని పరిసరములకును పరిమితము. ఆచే అను సుల్తానురాజ్యముపై డచ్చివారు 1873లో ఆరంభించిన యుద్ధము దశాబ్దములు సాగినది. దక్షిణ బాలి రాజవంశీయులు లొంగిపోవుట కొల్లక 1906, 1908 సంవత్సరములలో తుపాకుల కెదురేగి ప్రాణములు విడిచిన పిమ్మటగాని ఆ దీవి పూర్తిగా వశము కాలేదు. పాలకుల ప్రతిష్ఠకును, ఉద్యమకారుల ఆవేదనకును సమానముగా అక్కరకు వచ్చుటచేతనే ఈ 350 ఏండ్ల లెక్క స్థిరపడినది.

అపోహ: అధికసంఖ్యాకుల భాషయే జాతీయభాష యగును.

వాస్తవము: జనసంఖ్యలో జావావారు తక్కిన ఏ జాతికంటెను మిక్కిలి అధికులు, వారి భాషకు శతాబ్దముల కావ్యసంపద కలదు. అయినను 1928 అక్టోబరు 28న బటావియాలో సమావేశమైన యువజనులు, కొద్దిమందికి మాత్రమే మాతృభాషయైన మలయు భాషను ఇండొనీషియా భాషయను పేర ఐక్యతాభాషగా స్వీకరించిరి. రేవులలో వర్తకుల వ్యవహారమునను, వలసప్రభుత్వపు కచ్చేరీలలోను చిరకాలముగా మెలగుటచే అది పలువురకు పరిచితము. ఏ ప్రబలవర్గపు ఆధిక్యమునకును చిహ్నము గాదు. జావా భాషలోనో, ఎదుటివాని అంతస్తును బట్టి పదజాలమే మారవలెను. సమానత్వమును కోరు ఉద్యమమున కది యొక చిక్కు. సంఖ్యాబలము గలవారు తమ భాషకు పట్టము కట్టవలెనని పట్టుబట్టకపోవుటయే ఈ ఒడంబడికకు పునాది.

అపోహ: జాతీయోద్యమమనగా పాశ్చాత్యమైన దానినెల్ల త్యజించుట.

వాస్తవము: జాతీయోద్యమ నాయకులలో సుకర్ణో బాండుంగ్‌లోని డచ్చి సాంకేతిక కళాశాలలో ఇంజనీరు పట్టమును, హట్టా రాటర్‌డాంలో అర్థశాస్త్ర పట్టమును సాధించినవారు. నెపోలియను ఏలుబడి నుండి తమకు విముక్తి కలిగిన శతవార్షికోత్సవమునకు, తామే అణచియుంచిన ప్రజల నుండి చందా లాశించిన డచ్చి పాలకులను, ఉద్యమకారుడైన సువర్ది సూర్యనింగ్రత్ 1913లో వారి భాషలోనే పరిహసించి ప్రవాసశిక్ష పాలయ్యెను. ఆ ప్రవాసమున విద్యాశాస్త్ర మభ్యసించి, తిరిగివచ్చి, 1922లో యోగ్యకర్తయందు స్థాపించిన తమన్ సిస్వా విద్యాలయమున ఆయన జావా కళలతోపాటు మాంటిసోరీ, రవీంద్రుల ఆలోచనలకును స్థానమొసంగెను.

అపోహ: మతము మారినచో పూర్వసంస్కృతి నశించును.

వాస్తవము: ప్రజలలో అత్యధికులు ముస్లిములైనను, మన తోలుబొమ్మలాటను తలపించు వయాంగ్ ప్రదర్శనలలో రామాయణ భారతకథలు నేటికిని ఆడబడుచున్నవి. గరుడుడు రాజచిహ్నము, దానిపై గల ధ్యేయవాక్యము 14వ శతాబ్దినాటి సుతసోమ కావ్యము నుండి గ్రహింపబడినది. ముస్లిములు షరియతును పాటింపవలెనని రాజ్యాంగ పీఠికకై సిద్ధపరచిన నిబంధనను, ఇతర మతస్థులు విడిపోదురేమో యను శంకతో 1945 ఆగస్టు 18న, అనగా స్వాతంత్ర్య ప్రకటన మరునాడే, తొలగించిరి.

అపోహ: పరపాలన తొలగినంతనే సంస్కృతులన్నిటికిని స్వేచ్ఛ లభించును.

వాస్తవము: 1967లో సుహార్తో ప్రభుత్వము చీనా సంతతివారి పండుగలను, మతాచారములను బహిరంగముగా జరుపరాదని కట్టడి చేసెను; దానిని 2000లో అధ్యక్షుడు అబ్దుర్రహ్మాన్ వాహిద్ రద్దుచేయువరకు, ఆ పౌరుల సంస్కృతి ఇండ్ల గోడలు దాటి వెలుపలికి రాకూడనిదయ్యెను. పోర్చుగీసు వలసయై, డచ్చివారి సరిహద్దులకు వెలుపల నుండిన తూర్పు టిమోరును అదే ప్రభుత్వము 1975లో సైన్యముతో ఆక్రమించి, తన దేశమున కలుపుకొనెను. 1928లో యువజనులు చేసిన ఒడంబడిక పరస్పర సమ్మతిచే నిలిచినది. సమ్మతి లేని తూర్పు టిమోరులో 24 ఏండ్ల సైనికబలము సైతము అట్టి ఒడంబడికను నెలకొల్పజాలకపోయినది; 1999 ఆగస్టు 30న జరిగిన జనవాక్యసేకరణలో నూటికి 78 మందికి పైగా ఓటర్లు విడిపోవుటకే తీర్పు చెప్పిరి.