చెత్తను తూచుట యెట్లు?

మన యూరిలో చెత్త తగ్గినదా, పెరిగినదా యని యెవరినైన నడిగినచో, సాధారణముగా వచ్చు నుత్తరము వేఱొక ప్రశ్నకు జెందినదై యుండును. ఇన్ని ట్రాక్టరులు కొంటిమి, ఇన్ని యిండ్లకు బుట్టలు పంచితిమి అందురు. ఇవి మంచి పనులే. తెలంగాణమున 2019వ సంవత్సరము సెప్టెంబరులో పల్లెప్రగతి యారంభమైన పిమ్మట గ్రామపంచాయతులకు ట్రాక్టరులును, చెత్తను వేఱుపఱచు షెడ్లును సమకూడినవి. కాని బండి చక్కగా తిరిగిన కొలది ఊరి వెలుపలి దిబ్బ పెరుగుటయు గలదు. చెత్త వీధిని విడిచి దిబ్బను జేరుట స్థలము మాఱుటయే గాని తగ్గుట గాదు.

కావున కొలువవలసినవి రెండు: ఇంటినుండి తలకు దినమునకెంత వెలువడుచున్నది, అందు తుదకు దిబ్బకెంత పోవుచున్నది. మన దేశపు పట్టణములలో మొదటిది సుమారు 200 గ్రాములు మొదలు 600 గ్రాముల వఱకు నుండునని యంచనా. 300 గ్రాములనుకొన్నను, ఐదుగురు గల యిల్లు దినమునకు కిలోన్నర, ఏడాదికి 550 కిలోల దాక పాఱవేయును. లక్ష జనము గల పట్టణము దినమునకు 30 టన్నులు. ఇందు సుమారు సగము అన్నము, కూరగాయల తొక్కలు, ఆకులు మున్నగు తడిచెత్తయే.

ఈ సగమును దిబ్బకు పోనీయక నిలుపవచ్చునని సూర్యాపేట చూపినది. నాడు నల్లగొండ జిల్లాలోని యీ పట్టణమున, 2003వ సంవత్సరమున, పురపాలక కమిషనరు ఎస్.ఏ. ఖాదర్ సాహెబుగారు ఇంటింట తడి పొడి చెత్తలను వేఱుగా నుంచు పద్ధతిని నెలకొల్పిరి. ట్రాక్టరు గుమ్మము కడకే వచ్చుచుండెను. తడిచెత్త వానపాముల యెరువయ్యెను, పొడిచెత్త కొనువారికి అమ్మబడెను. వీధికుండీల యవసరమే లేకపోయెను. పెద్ద నగరములవారు సయితము ఈ చిన్న పట్టణమును ఉదాహరణముగా జెప్పుకొనిరి.

మన పెద్దలకిది క్రొత్త విద్య గాదు. పశువుల పేడ, పొయ్యి బూడిద, ఊడ్చిన చెత్త పెరటి పెంటకుప్పలో బడి, వానలకు ముందు బండ్లపై చేనికి పోయెడిది. పాలమూరు, నల్లగొండ చల్క భూములలో సేంద్రియపదార్థము మిక్కిలి తక్కువ. ఆ భూములకు కావలసినదే నేడు దిబ్బలపై కాలి పొగయగుచున్నది. ప్లాస్టిక్ కలిసిన యెరువును మాత్రము ఏ రైతును తన చేనికి రానీయడు.

ఇక తూకము. వారము రోజులు రెండు సంచులను స్ప్రింగు త్రాసున తూచి వ్రాసికొనుట బాలురకు, బాలికలకు సాధ్యమే. అయితే వానకాలపు తూకమును ఎండకాలపు దానితో పోల్చరాదు; తడిసిన చెత్త బరువెక్కును. కొల్లాపురపు మామిడిపండ్లు వచ్చు దినములలో టెంకలు, తొక్కలు త్రాసును లాగివేయును. బతుకమ్మనాళ్ల లెక్క వేఱు. ఏ నెలలో తూచితిమో, మరుసటి యేడు ఆ నెలలోనే తూచవలెను. పాత ఇనుపసామాను, కాగితములు కొనువానికి ఇచ్చినదియు వ్రాయవలెను. అతడు తీసికొనిపోవునది పురపాలక సంఘపు లెక్కకెక్కదు గాని, దిబ్బకు తప్పించుటలో నతని పాలు తక్కువది గాదు.

శాతములను నమ్ముటలో నొక చిక్కు గలదు. ఒక యింట వారమునకు పదిన్నర కిలోలు వెలువడి, రెండున్నర దిబ్బకు పోయెననుకొందము; తప్పించినది నూటికి 76. మరుసటి యేడు ఆ యింటివారు అన్నము వృథా చేయుట మానగా మొత్తము 9 కిలోలే యయ్యెను, దిబ్బకు పోయినది ఆ రెండున్నరయే. ఇప్పుడు శాతము 72కు దిగినది! ఇల్లు బాగుపడగా లెక్క చెడినట్లు కనబడుచున్నది. అందుచేత మొదట కిలోలు, పిదప శాతము వ్రాయుట మేలని మా యభిప్రాయము. బహుమతులిచ్చువారు శాతమునే యడుగుదురు, అది వేఱు సంగతి.

తూకమునకు లొంగనివియు గలవు. 2022 జులై 1 నుండి ఒకమారు వాడి పాఱవేయు ప్లాస్టిక్ గ్లాసులు, పళ్లెములు, చెంచాలు దేశమంతట నిషేధింపబడినవి. ఇవి తేలికవి, వంద తగ్గినను త్రాసు కదలదు. వీనిని ఎన్నియని లెక్కింపవలెను. సూదులు, కాలము చెల్లిన మందులు, బ్యాటరీలు మున్నగువానిని వేఱుగా నుంచవలెనని 2016 నాటి నిబంధనలే చెప్పినవి. వీనిని పిల్లలు చేత ముట్టరాదు. పెద్దలు కట్టి యుంచిన పొట్లముల సంఖ్యను మాత్రము పుస్తకమున వ్రాసికొనిన చాలును.